నిజాంసాగర్ ఆయకట్టు ఆధారంగా పర్యావరణ శాస్త్ర ప్రాథమిక పాఠ్యాంశ అధ్యయనం: బాన్సువాడ ప్రాంతం

సారాంశం

డిగ్రీ మొదటి సంవత్సరాల్లో పర్యావరణ శాస్త్రం తప్పనిసరి పాఠ్యాంశంగా ఉన్నప్పటికీ, అధిక సంఖ్యాకులు దానిని నిర్వచనాల జాబితాగా కంఠస్థం చేసి పరీక్ష ముగియగానే మరచిపోతున్నారు. ఈ పాఠ్యాంశంలోని ప్రధాన భావనలన్నింటినీ ఒకే ఆయకట్టును క్షేత్రంగా తీసుకుని అధ్యయనం చేయవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతంలోని నిజాంసాగర్ ఆయకట్టును ఉదాహరణగా స్వీకరించి నీరు, మట్టి, నత్రజని, కర్బనం అనే నాలుగు పదార్థాల రాకపోకల లెక్క ద్వారా పాఠ్యాంశాన్ని ఎలా చదవవచ్చునో వివరించడమైనది. కాలువ నీటి ప్రవాహాన్ని కొలిచే సులభ క్షేత్ర పద్ధతి, పునశ్చరణ క్రమం కూడా పొందుపరచబడినవి.

ముఖ్య పదాలు: పర్యావరణ విద్య, నిజాంసాగర్, మంజీరా, పూడిక, వరి, ఆయకట్టు చివరి భూములు, క్షేత్ర అధ్యయనం

ఉపోద్ఘాతం

పర్యావరణ అంశాలను అన్ని స్థాయుల్లో బోధించాలని సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో ఆదేశించింది. ఆ ఆదేశాల కొనసాగింపుగా విశ్వవిద్యాలయాల నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ వర్తించే ఎనిమిది యూనిట్ల పాఠ్యప్రణాళికను రూపొందించింది. పర్యావరణ అధ్యయన స్వభావం, సహజ వనరులు, ఆవరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, సామాజిక అంశాలు, మానవ జనాభా, క్షేత్ర అధ్యయనం అనేవి ఆ ఎనిమిది యూనిట్లు. వ్యవసాయ డిగ్రీలో అయిదవ డీన్స్ కమిటీ సిఫారసుల మేరకు ఇదే విషయం విపత్తు నిర్వహణతో కలిసి 3 (2+1) క్రెడిట్ల కోర్సుగా చేర్చబడింది.

ప్రణాళికలో క్షేత్ర అధ్యయనం చివరి యూనిట్‌గా ఉండటం వల్ల ఆచరణలో కూడా అది చివరికే మిగిలిపోతున్నది. మొదటి ఏడు యూనిట్లు పుస్తకంలో, ఎనిమిదవది రికార్డు పుస్తకంలో పూర్తవుతున్నవి. వరి మడి గట్టు మీదుగా కళాశాలకు వచ్చే విద్యార్థి చిత్తడి నేలల ఆవరణ వ్యవస్థకు ఎక్కడో దూరాన ఉన్న సరస్సును ఉదాహరణగా రాయడం ఇందుకు నిదర్శనం. మడిలో తన కళ్ల ముందు జరుగుతున్నదే ఆ పాఠమని అతనికి తోచదు.

పరీక్షలో ఈ లోపానికి మూల్యం కొన్ని మార్కులు మాత్రమే. అయితే ఈ విద్యార్థులలో కొందరు రేపు వ్యవసాయ విస్తరణ అధికారులుగా ఆయకట్టు రైతు ముందు నిలబడతారు. నీరు ఎందుకు రాలేదని, వేసిన యూరియా ఎందుకు పని చేయలేదని, బోరు ఎందుకు ఎండిందని రైతు అడిగినప్పుడు నిర్వచనం సమాధానం కాజాలదు. అక్కడ తప్పు చెబితే పోయేది పంట. కాబట్టి ఈ పాఠ్యాంశాన్ని మొదటిసారి ఎలా చదివారన్నది తరువాతి సేవల నాణ్యతను నిర్ణయించే విషయం.

అధ్యయన క్షేత్రం

మంజీరా నది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలో ప్రవేశించి, సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించి నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఈ నదిపై అచ్చంపేట వద్ద 1923–31 మధ్య ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో నిజాంసాగర్ నిర్మించబడింది. చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ దీని రూపశిల్పి. జలాశయం నుంచి బయలుదేరే ప్రధాన కాలువ బాన్సువాడ ప్రాంతం మీదుగా బోధన్ వైపు సాగుతూ ఉపకాలువల ద్వారా రెండు లక్షల ఎకరాలకు పైబడిన ఆయకట్టుకు ఉద్దేశించబడింది. ఈ నీటి ఆధారంగానే బోధన్‌లో 1937లో చక్కెర కర్మాగారం వెలసింది. రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం ఉన్నది.

ఎగువన సంగారెడ్డి జిల్లాలో సుమారు 30 టీఎంసీల సామర్థ్యంతో సింగూరు జలాశయం, దాని దిగువన మంజీరా ఆనకట్ట ఉన్నవి. ఈ రెండింటి నుంచి హైదరాబాద్ నగరానికి తాగునీరు అందుతున్నది. మంజీరా ఉపనది ఆలేరుపై పోచారం జలాశయం, దానిని ఆనుకుని పోచారం వన్యప్రాణి అభయారణ్యం ఉన్నవి. అంటే ఒకే నదీ వ్యవస్థలో సాగునీరు, తాగునీరు, పరిశ్రమ, అడవి, నగరం అన్నీ ఉన్నవి. ప్రాథమిక పాఠ్యాంశానికి ఇంతకంటే సమగ్రమైన క్షేత్రం అవసరం లేదు.

అధ్యయన సూత్రం

పదార్థం నశించదు, రూపం లేదా స్థానం మార్చుకుంటుంది. పాఠశాల రసాయనశాస్త్రంలో నేర్చిన ఈ నియమమే పర్యావరణ శాస్త్రానికి పునాది. దీని నుంచి ప్రతి యూనిట్‌కు వర్తించే మూడు ప్రశ్నలు వస్తాయి: ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడ నిలిచింది? ఎక్కడికి పోయింది? వచ్చినది, నిలిచినది, పోయినది సరితూగకపోతే లెక్కలో ఏదో దారి విడిచిపెట్టబడిందని అర్థం. ఆ విడిచిన దారిని వెతకడమే అధ్యయనం.

రైతు కుటుంబాల్లో ఈ లెక్క కొత్తది కాదు. గాదెలో పోసినవి, తిన్నవి, అమ్మినవి, మిగిలినవి సరిపోవాలని ఇంటి పెద్దలందరికీ తెలుసు. విద్యార్థి అదే లెక్కను వడ్లకు బదులు నీటికి, మట్టికి, నత్రజనికి, కర్బనానికి వర్తింపజేయాలి.

నీటి లెక్క: సహజ వనరుల యూనిట్

ఈ యూనిట్‌లో ముందుగా గ్రహించవలసినది పరిమాణాల మధ్య సంబంధం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, అనగా సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఈ నీటిని 10,000 ఎకరాలపై సమంగా పరిస్తే సుమారు 700 మిల్లీమీటర్ల లోతు నిలుస్తుంది. వరి పైరుకు దుక్కి నుంచి కోత వరకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు అవసరమని అంచనా. కాబట్టి వర్షం తోడు లేని యాసంగిలో ఒక టీఎంసీ నీరు దాదాపు 5,800 ఎకరాల వరికి మాత్రమే సరిపోతుంది. కాలువలో పోయే నష్టాలను కూడా కలిపితే ఈ విస్తీర్ణం మరింత తగ్గుతుంది.

ఎకరానికి 1,200 మిల్లీమీటర్లంటే సుమారు 4,850 ఘనపు మీటర్లు. దిగుబడి ఎకరానికి 25 క్వింటాళ్లు అనుకుంటే ఒక కిలో వడ్ల వెనుక దాదాపు 1,940 లీటర్ల నీరు ఉన్నదన్న మాట. ఇక్కడ ‘వాడుక’ అనే మాటను జాగ్రత్తగా విడదీయాలి. పైరు ఆకుల ద్వారా, మడి ఉపరితలం నుంచి ఆవిరైన నీరు ఆ ఆయకట్టుకు తిరిగి రాదు. నేలలోకి ఇంకిన నీరు మాత్రం పొరుగు బావిలోనో, దిగువ వాగులోనో మళ్లీ కనిపించవచ్చు. మొదటిది ఖర్చయిన నీరు, రెండవది చోటు మారిన నీరు. ఈ భేదం తెలియకుండా నీటి పొదుపు గురించి ఇచ్చే సలహా పొరపాటుకు దారితీస్తుంది. కాలువకు పూర్తిగా సిమెంటు లైనింగు చేస్తే చివరి భూములకు నీరు పెరుగుతుంది. అదే సమయంలో కాలువ పక్క బావుల ఊట తగ్గవచ్చు. రెండూ నిజమే కాబట్టి రెండింటినీ లెక్కలో చూపాలి.

శక్తి వనరులు కూడా ఈ యూనిట్‌లో భాగమే. ఆయకట్టు చివరి భూములను స్థిరీకరించడానికి గోదావరి నీటిని ఎత్తిపోసే అలీసాగర్, గుత్ప పథకాలు నిర్మించబడ్డాయి. ఒక టీఎంసీ నీటిని ఒక మీటరు ఎత్తుకు చేర్చడానికి సిద్ధాంతరీత్యా సుమారు 77 వేల యూనిట్ల విద్యుత్తు కావాలి. పంపులు, మోటార్ల సామర్థ్యం 70 శాతమనుకుంటే అది 1.1 లక్షల యూనిట్లవుతుంది. వాలు మీద పారే నీటికి, ఎత్తిపోసిన నీటికి మడిలో తేడా కనిపించకపోయినా శక్తి లెక్కలో చాలా తేడా ఉన్నది.

మట్టి లెక్క: పూడిక

నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం నిర్మాణ కాలంలో సుమారు 29.7 టీఎంసీలు. ప్రస్తుతం పూర్తి స్థాయి నీటిమట్టం 1,405 అడుగుల వద్ద 17.8 టీఎంసీలుగా లెక్కించబడుతున్నది. దాదాపు 12 టీఎంసీల ఈ తగ్గుదలకు ప్రధాన కారణం పూడిక. పైన చెప్పిన లెక్క ప్రకారం 12 టీఎంసీలంటే సుమారు 70 వేల ఎకరాల యాసంగి వరికి సరిపడే నీరు. అయితే జలాశయం ఒకే సంవత్సరంలో ఒకటికంటే ఎక్కువసార్లు నిండవచ్చు. కొన్ని సంవత్సరాల్లో అసలు నిండకపోవచ్చు. కావున నిల్వ సామర్థ్యం తగ్గినంత మాత్రాన ఏటా అంతే ఆయకట్టు తగ్గిందని రాయకూడదు. వరద రోజుల్లో వచ్చిన నీటిని యాసంగి వరకు దాచుకునే శక్తి అంత మేరకు తగ్గిందని రాయడం సరైనది.

ఇక మూడు ప్రశ్నలు. ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చింది? ఎగువ పరీవాహక ప్రాంతంలోని దున్నిన చేల నుంచి, చెట్టు చేమ కరిగిన గుట్టల నుంచి. వాలుకు అడ్డంగా కాక వాలు వెంట దున్నడం, పచ్చదనం లేని నేలపై తొలకరి వానలు పడటం కోతను పెంచుతాయి. ఎక్కడ నిలిచింది? ప్రవాహ వేగం తగ్గినచోట. నీటి వేగం తగ్గగానే ముందుగా ఇసుక, తరువాత ఒండ్రు, చివరికి బంకమట్టి దిగుతాయి. అందుకే జలాశయం మొదట్లో ముతక మట్టి, ఆనకట్ట దగ్గర సన్నని మట్టి ఉంటాయి. ఎగువన కొత్త జలాశయం కడితే కొంత పూడిక అక్కడే ఆగుతుంది. అది దిగువ జలాశయానికి మేలు, ఎగువ జలాశయానికి భారం. సమస్య తీరలేదు, చోటు మారింది. ఎక్కడికి పోయింది అనే ప్రశ్నకు జవాబు మరొక నష్టాన్ని చూపుతుంది: అది పొలాలు పోగొట్టుకున్న పైమట్టి. అందులో సేంద్రియ కర్బనం, పోషకాలు ఉన్నవి.

చెరువు మట్టిని చేలకు తోలడం తెలంగాణ గ్రామాల్లో పాత అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుని, పూడిక మట్టిని రైతులు పొలాలకు తరలించుకునేలా ప్రోత్సహించారు. జలాశయానికి వ్యర్థమైనది చేనుకు ఎరువవుతుంది. చెరువు స్థాయిలో సాధ్యమైన ఈ పని పెద్ద జలాశయంలో తవ్వకం, రవాణా ఖర్చుల వల్ల సులభం కాదు. కాబట్టి అక్కడ ఎగువన నేల కోతను అరికట్టడమే మొదటి మార్గం.

వరి మడి: ఆవరణ వ్యవస్థ, జీవవైవిధ్యం

వరి మడి మనిషి నిర్మించిన చిత్తడి ఆవరణ వ్యవస్థ. ఇందులో వరి, నాచు, అజొల్లా ఉత్పత్తిదారులు. సుడిదోమ, ఆకుముడుత పురుగు ప్రాథమిక వినియోగదారులు. సాలీళ్లు, మిరిడ్ నల్లులు, తూనీగలు, కప్పలు మాంసాహారులు. కొంగలు వాటిపై ఆధారపడేవి. నేలలోని సూక్ష్మజీవులు విచ్ఛిన్నకారులు. ఒక పోషక స్థాయి నుంచి తరువాతి స్థాయికి చేరే శక్తి సుమారు పదో వంతు మాత్రమేనని 1942లో లిండెమన్ ప్రతిపాదన నుంచి ప్రచారంలోకి వచ్చిన సూత్రం ఇక్కడ ప్రత్యక్షంగా కనిపిస్తుంది. లెక్కలేనన్ని దోమలున్న మడిలో సాలీళ్లు కొన్ని, కొంగలు ఒకటి రెండు మాత్రమే ఉంటాయి.

జీవవైవిధ్యం విలువను విద్యార్థులు సాధారణంగా అరుదైన జంతువుల పేర్లతో వివరిస్తారు. విచక్షణ లేకుండా పురుగుమందు చల్లిన మడిలో సుడిదోమ మరింత విజృంభించడం అదే విలువను ఇంకా స్పష్టంగా చెబుతుంది. మందుకు శత్రు కీటకాల కంటే మిత్ర కీటకాలు త్వరగా చనిపోతాయి. దుబ్బుల అడుగున దాగిన దోమలు, వాటి గుడ్లు మిగిలిపోతాయి. అదుపు చేసేవారు లేని చోట మిగిలినవి వేగంగా పెరుగుతాయి. విస్తరణ శాస్త్రవేత్తలు ‘మందు కొట్టే ముందు మిత్ర పురుగులను లెక్కపెట్టాలి’ అని చెప్పేది ఈ కారణంగానే.

ఈ సందర్భంలో తరచుగా కలగలిసిపోయే రెండు భావనలను వేరు చేయాలి. ఒకే జీవి శరీరంలో కాలక్రమాన విషపదార్థం పేరుకోవడం జైవిక సంచయనం. ఆహార గొలుసులో పైకి పోయేకొద్దీ దాని గాఢత పెరగడం జైవిక వృద్ధీకరణం. కొవ్వులో కరిగి, త్వరగా విచ్ఛిన్నం కాని డీడీటీ వంటి మందులలో ఈ రెండూ కనిపిస్తాయి. భారతదేశంలో డీడీటీ వ్యవసాయ వినియోగం 1989లో నిషేధించబడింది.

నత్రజని, కర్బనం: కాలుష్య యూనిట్

కాలుష్యం అనగానే పొగ గొట్టం గుర్తుకు వస్తుంది. ఆయకట్టులో మాత్రం అది యూరియా బస్తాతో మొదలవుతుంది. 45 కిలోల బస్తాలో 46 శాతం చొప్పున సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. నీరు నిలిచిన మడిలో చల్లిన నత్రజనిలో పైరు వినియోగించుకునేది సాధారణంగా 30–40 శాతం. అంటే బస్తాలో ఎనిమిది కిలోలు మించి పైరుకు చేరడం లేదు. మిగిలినది ఎక్కడికి పోయింది? కొంత అమ్మోనియాగా గాలిలోకి, కొంత సూక్ష్మజీవుల చర్య వల్ల నత్రజని, నైట్రస్ ఆక్సైడు వాయువులుగా, కొంత నైట్రేటుగా భూగర్భ జలంలోకి, కొంత మురుగు నీటితో చెరువులోకి పోతుంది. కొంత నేలలోనే నిలుస్తుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. చెరువును కమ్మిన గుర్రపుడెక్క కూడా పొలాల నుంచి, ఊరి మురుగు నుంచి వచ్చిన పోషకాలతోనే పెరుగుతుంది. ఆ మొక్కలు కుళ్లినప్పుడు నీటిలోని ఆక్సిజన్ ఖర్చయి చేపలు చనిపోతాయి. ఈ వరుసకే యూట్రోఫికేషన్ అని పేరు. నీటిలోని సేంద్రియ పదార్థం విచ్ఛిన్నానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలతే బీఓడీ. దానిని భారతదేశంలో 27 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు రోజుల పరీక్షతో నిర్ణయిస్తారు.

కోత యంత్రాల వాడకం పెరిగిన తరువాత మడిలో మిగిలిన గడ్డిని తగలబెట్టడం ఎక్కువయింది. గడ్డి కాలినప్పుడు కర్బనం, నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలుస్తాయి. పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది. ‘కాలిస్తే అన్నీ పోతాయి’ అని చెప్పిన అధికారికి రైతు బూడిద బలాన్ని చూపిస్తే జవాబు ఉండదు. ఏది పోతుంది, ఏది నిలుస్తుంది అని విడదీసి చెప్పిన అధికారి మాట నిలుస్తుంది.

నీరు నిలిచిన నేలలో ఆక్సిజన్ అందనందువల్ల కొన్ని సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని మీథేన్‌గా మారుస్తాయి. నూరేళ్ల కాలానికి చూస్తే మీథేన్ తాప ప్రభావం సమాన బరువుగల కార్బన్ డయాక్సైడు కంటే దాదాపు 28 రెట్లు. మడిలో రంధ్రాల గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరిన తరువాత మళ్లీ తడి ఇచ్చి, పూత దశలో మాత్రం నీరు నిలిపే పద్ధతి అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ద్వారా ప్రచారం పొందింది. దీనివల్ల మీథేన్ మూడో వంతు నుంచి సగం వరకు తగ్గుతుందని వివిధ దేశాల ప్రయోగాలు చూపాయి. అయితే నేల ఆరి తడిసే క్రమంలో నైట్రస్ ఆక్సైడు కొంత పెరగవచ్చు. అందువల్ల ఈ పద్ధతిని నత్రజని యాజమాన్యంతో కలిపి మాత్రమే సిఫారసు చేయాలి.

సామాజిక అంశాలు, జనాభా

ఒక కాలువ మీద మొదటి తూము రైతుకు, చివరి తూము రైతుకు చట్టం ఒకటే. నీరు ఒకటి కాదు. మొదట ఉన్నవారు వరి వేసి నిండుగా నీరు కడితే, చివర ఉన్నవారు బోరు మీద ఆధారపడాలి లేదా పొలం బీడు పెట్టాలి. అందరికీ చెందిన వనరును ఎవరికి వారు వాడుకుంటే అది నాశనమవుతుందని 1968లో గారెట్ హార్డిన్ వాదించారు. ఎలినార్ ఆస్ట్రమ్ మాత్రం నేపాల్ సహా పలు దేశాల సాగునీటి వ్యవస్థలను పరిశీలించి, రైతులు తామే నియమాలు ఏర్పరచుకుని, తామే కాపలా కాసి, తప్పిన వారికి తగిన శిక్ష వేసుకున్న చోట ఉమ్మడి వనరులు తరతరాలు నిలిచాయని చూపారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తెలంగాణ గ్రామాల్లో మడి మడికీ వంతు ప్రకారం నీరు కట్టే నీరటి వ్యవస్థ ఇటువంటి నియమాలకు స్థానిక రూపం. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు, 2002 నాటి వాల్టా చట్టం భూగర్భ జలం, ఇసుక, చెట్ల రక్షణకు ఆధారాలు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంతో పాటు వీటిని కూడా విద్యార్థి చదవాలి. రైతు నిత్యం ఎదుర్కొనేవి ఇవే.

జనాభా యూనిట్‌కు ఇదే నది చాలు. 1965 నుంచి మంజీరా నీరు హైదరాబాద్‌కు చేరుతున్నది. నగరం పెరిగేకొద్దీ అవసరం పెరిగింది. తరువాత కృష్ణా, గోదావరుల నుంచి కూడా నీరు తేవలసి వచ్చింది. ఎగువన ఇదే నదీ పరీవాహకంలోని లాతూరు పట్టణానికి 2016 ఏప్రిల్‌లో రైలులో తాగునీరు పంపవలసి వచ్చింది. కరువు సంవత్సరంలో తాగునీటికి ప్రథమ స్థానం ఇవ్వడంలో వివాదం లేదు. అయితే ఆ నిర్ణయం వల్ల యాసంగి కోల్పోయే రైతు ఎవరు, అతనికి ఏ ప్రత్యామ్నాయం చూపాలి అనే ప్రశ్న కూడా అదే పాఠంలో భాగం.

క్షేత్ర అధ్యయనం: కాలువ నీటి కొలత

అవసరమైనవి టేపు, కర్ర, గడియారం, తేలే వస్తువు (ఎండు కొబ్బరికాయ లేదా సగం నింపిన సీసా). తిన్నగా సాగే ఉపకాలువపై 20 మీటర్ల దూరం గుర్తించి, తేలే వస్తువు ఆ దూరం దాటే సమయాన్ని మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. అడుగున, అంచుల వద్ద నీరు నెమ్మదిగా సాగుతుంది కనుక ఉపరితల వేగాన్ని 0.85తో గుణించాలి. వెడల్పు, సగటు లోతుల లబ్ధం ప్రవాహ వైశాల్యం. భద్రత దృష్ట్యా ఈ పనిని లోతు తక్కువగా ఉన్న ఉపకాలువలపై, అధ్యాపకుల సమక్షంలో, గట్టు మీద నుంచే చేయాలి.

ఉదాహరణకు వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 0.5 మీటరు, 20 మీటర్లకు 40 సెకన్లు అనుకుంటే:
ఉపరితల వేగం = సెకనుకు 0.5 మీటరు
సగటు వేగం = 0.5 × 0.85 = 0.425 మీటరు
ప్రవాహం = 1 × 0.425 = సెకనుకు 0.425 ఘనపు మీటర్లు (సుమారు 15 క్యూసెక్కులు)
24 గంటల్లో పారే నీరు = 36,720 ఘనపు మీటర్లు

ఎకరానికి 50 మిల్లీమీటర్ల తడికి సుమారు 202 ఘనపు మీటర్లు కావాలి. కాబట్టి ఒక రోజు నీరు 181 ఎకరాలకు సరిపోతుంది. అదే కాలువపై కిలోమీటరు దిగువన కొలిస్తే 0.340 వచ్చిందనుకుంటే, అక్కడికి చేరేది 145 ఎకరాల నీరు. తేడా 36 ఎకరాలు.

ఈ తేడా చూసి నీరు దొంగిలించబడిందని రాయడం తొందరపాటు. మధ్యలో అధికారిక తూములు ఎన్ని ఉన్నవి, వాటి వాటా ఎంత, గట్టు ఎక్కడ ఊరుతున్నది, పక్క పొలంలో ఊట కనిపిస్తున్నదా, కొలతలో ఎంత పొరపాటు ఉండవచ్చు అని ఒక్కొక్కటి పరిశీలించాలి. తేలే వస్తువు పద్ధతిలోనే పది శాతానికి పైగా తేడా రావడం సహజం. అందుకే రెండు చోట్లా ఒకే రోజు, ఒకే వస్తువుతో కొలవాలి. తరువాత మొదటి తూము రైతును, చివరి తూము రైతును కలిసి నీరు వచ్చిన రోజులు, వేసిన పంట, బావి మట్టం నమోదు చేయాలి. కొలత, మాట రెండూ ఉన్న రికార్డే క్షేత్ర అధ్యయనం.

పునశ్చరణ క్రమం

చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదివిన వారికంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసిన వారికి వారం తరువాత ఎక్కువ గుర్తున్నదని 2006లో రోడిగర్, కార్పికీల ప్రయోగం చూపింది. అయిదు నిమిషాల తరువాత జరిపిన పరీక్షలో మాత్రం తిరిగి చదివినవారే ముందున్నారు. పరీక్ష ముందు రాత్రి చదువు ఎందుకు ఫలించినట్లు కనిపిస్తుందో, ఎందుకు నిలవదో దీనివల్ల తెలుస్తుంది. దీని ఆధారంగా కింది క్రమాన్ని పాటించవచ్చును.

1. ప్రతి పాఠం తరువాత పుస్తకం మూసి, ఆ పదార్థం వచ్చిన దారి, నిలిచిన చోటు, పోయిన దారి చూపే బొమ్మను జ్ఞాపకం నుంచి గీయాలి.
2. పుస్తకంతో సరిచూసి, మరచిన దారిని వేరే రంగుతో చేర్చాలి.
3. మూడు రోజులకు, పది రోజులకు, నెలకు అదే బొమ్మను కొత్త కాగితంపై మళ్లీ గీయాలి.
4. ప్రతి శాస్త్రీయ పదం పక్కన ఆయకట్టు మాట రాయాలి: అవక్షేపణ – పూడిక, లవణీకరణ – చౌడు, నిస్యందనం – ఇంకుడు, విచ్ఛిన్నం – మురుగుట, మాగుట.
5. వారానికొక భావనను ఇంట్లో వ్యవసాయం చేసే పెద్దలకు ఆ మాటల్లోనే వివరించాలి. వారు అడిగిన ప్రశ్నలలో జవాబు తోచనివాటిని రాసుకుని తరగతిలో చర్చించాలి.

‘జలాశయాల్లో పూడిక – కారణాలు, ఫలితాలు, నివారణ’ అనే ప్రశ్నకు రెండు రకాల జవాబులు ఉండవచ్చు. మొదటిది నిర్వచనం, ఆరు కారణాలు, ఆరు ఫలితాలు. రెండవది 29.7 నుంచి 17.8 టీఎంసీలకు తగ్గిన నిజాంసాగర్‌తో మొదలై, ఎగువ చేల నేల కోతను, ఆనకట్ట వద్ద వేగం తగ్గడాన్ని, యాసంగి భద్రత తగ్గడాన్ని వరుసగా కలుపుతుంది. రెండవ జవాబులో గుర్తుంచుకోవలసినవి తక్కువ, అర్థం చేసుకున్నవి ఎక్కువ. ఒక మెట్టు మరచినా ముందు మెట్టు నుంచి దానిని తిరిగి రాబట్టవచ్చు.

ముగింపు

పర్యావరణ శాస్త్ర ప్రాథమిక పాఠ్యాంశం ఎనిమిది వేర్వేరు యూనిట్లుగా కనిపించినప్పటికీ, ఒక ఆయకట్టులో నిలబడి చూస్తే ఒకే లెక్కకు ఎనిమిది పద్దులు. బాన్సువాడ విద్యార్థికి ఆ లెక్క పుస్తకం కాలువ గట్టునే ఉన్నది. శ్రీరాంసాగర్, నాగార్జునసాగర్ ఆయకట్టుల్లోని కళాశాలలు తమ కాలువతో, కాలువ లేని మెట్ట ప్రాంతాల కళాశాలలు తమ ఊరి చెరువుతో ఇదే విధానాన్ని అనుసరించవచ్చును.

అధ్యాపకులు క్షేత్ర అధ్యయనాన్ని సెమిస్టరు చివరికి వాయిదా వేయక, రెండవ వారంలోనే కాలువ కొలతతో ప్రారంభించి, ఆ అంకెలనే తరువాతి యూనిట్లన్నింటిలో వాడటం మేలు. విస్తరణ శాస్త్రవేత్తలు తమ మండలంలోని ఒక ఉపకాలువను విద్యార్థుల కొలతల కోసం సూచిస్తే, ఏటా చేరే ఆ కొలతలు నీటి వినియోగదారుల సంఘానికి కూడా ఉపయోగపడతాయి. చివరి తూము రైతు ‘నా నీరు ఎక్కడికి పోయింది?’ అని అడిగినప్పుడు, ఊహతో కాక కొలతతో, తెలిసినంత మేరకు నిజాయతీగా చెప్పగల అధికారిని తయారు చేయడమే ఈ పాఠ్యాంశ ప్రయోజనం.